డయాలసిస్ రోగులలో రక్తనాళ మార్గ వైఫల్యం

మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయిన రోగి రక్తాన్ని యంత్రం సహాయంతో శుద్ధి చేసే చికిత్సను హీమోడయాలసిస్ అంటారు. వాడుకలో దీనినే డయాలసిస్ అని పిలుస్తారు. ఈ చికిత్స జరగాలంటే రోగి శరీరంనుండి రక్తాన్ని వేగంగా బయటకు తీసి, శుద్ధి చేసి, తిరిగి లోనికి పంపగల ద్వారం ఒకటి ఉండాలి. ఈ ద్వారాన్ని రక్తనాళ మార్గం అంటారు. ఈ మార్గం తగినంత రక్తాన్ని ఇవ్వలేకపోవడాన్ని, గడ్డకట్టి మూసుకుపోవడాన్ని, లేదా సూక్ష్మజీవుల వలన చెడి తొలగించవలసి రావడాన్ని రక్తనాళ మార్గ వైఫల్యం అంటారు.

డయాలసిస్ రోగులు ఆసుపత్రిలో చేరడానికి గల ముఖ్య కారణాలలో ఇది ఒకటి. యంత్రం, మందులు, వైద్యులు అన్నీ సిద్ధంగా ఉన్నా మార్గం లేకపోతే చికిత్స ఆగిపోతుంది. మార్గం నిర్మించడానికి పనికివచ్చే చోట్లు శరీరంలో కొన్ని మాత్రమే ఉంటాయి. అందువలన ఒక్కొక్క మార్గం చెడిపోవడం రోగి ఆయుష్షుకు సంబంధించిన విషయమవుతుంది. వైఫల్యానికి దారితీసే కారకాలలో వయసు వంటి కొన్ని మార్చలేనివి. కాని చాలా కారకాలు డయాలసిస్ మొదలు కావడానికి ముందే, చేతి సిరలను కాపాడుకోకపోవడం వలన ఏర్పడతాయి. వీటిని నివారించవచ్చు.

## మార్గం ఎందుకు కావాలి

డయాలసిస్ సమయంలో యంత్రంలోకి నిమిషానికి సాధారణంగా 250 నుండి 400 మిల్లీలీటర్ల రక్తం ప్రవహించాలి. నిమిషానికి 300 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటలపాటు ప్రవహిస్తే మొత్తం 72 లీటర్లవుతుంది. పెద్దవారి శరీరంలో ఉండే రక్తం సుమారు 5 లీటర్లే. అంటే ఆ రక్తమే పదునాలుగు సార్లకు పైగా యంత్రంలో తిరిగివస్తుంది.

చేతిపై కనిపించే మామూలు సిరలలో ఇంత ప్రవాహం ఉండదు. యంత్రం బలంగా లాగితే సిర గోడలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. ధమనిలో ప్రవాహం ఉన్నా అది లోతుగా ఉంటుంది, మాటిమాటికీ పొడిస్తే దెబ్బతింటుంది. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకునే రోగికి ప్రతిసారీ రెండు సూదుల చొప్పున సంవత్సరానికి 312 సార్లు సూది గుచ్చవలసి ఉంటుంది. వారానికి రెండుసార్లయినా 208 అవుతాయి. ఇన్ని పోట్లను ఏళ్ళ తరబడి తట్టుకోగల నాళం శరీరంలో సహజంగా లేదు, దానిని తయారు చేసుకోవాలి.

## చరిత్ర

నెదర్లాండ్స్ దేశంలోని కాంపెన్ పట్టణంలో విల్లెం కాల్ఫ్ అనే వైద్యుడు 1943లో తాను తయారు చేసిన కృత్రిమ మూత్రపిండాన్ని రోగులపై ఉపయోగించాడు. 1945లో ఈ చికిత్స వలన 67 సంవత్సరాల మహిళ ఒకరు ప్రాణాలతో బయటపడింది. ఆ రోజులలో ప్రతి చికిత్సకూ కొత్తగా ఒక నాళాన్ని కోసి గొట్టం దూర్చవలసి వచ్చేది. కొద్ది వారాలలోనే కోయడానికి నాళాలు మిగిలేవి కావు. అందువలన కొద్దిరోజులలో మూత్రపిండాలు కోలుకునే అవకాశం ఉన్నవారికి మాత్రమే డయాలసిస్ ఉపయోగపడింది, శాశ్వతంగా మూత్రపిండాలు పోయినవారికి ఉపయోగపడలేదు.

1960లో అమెరికాలోని సియాటిల్ నగరంలో బెల్డింగ్ స్క్రిబ్నర్, ఆయన సహచరులు వేన్ క్వింటన్, డేవిడ్ డిల్లార్డ్ కలిసి టెఫ్లాన్ గొట్టంతో షంట్ అనే సాధనాన్ని అమర్చారు. దీనిలో ఒక కొన ధమనిలో, మరొక కొన సిరలో ఉండి మధ్యభాగం చర్మం వెలుపల ఉండేది. చికిత్స లేని సమయంలో రెండు కొనలనూ కలిపి ఉంచేవారు. ఈ విధానంలో చికిత్స పొందిన మొదటి రోగి ఆ తరువాత పదకొండు సంవత్సరాలు జీవించాడు. దీర్ఘకాలిక డయాలసిస్ అప్పటినుండి సాధ్యమయింది. కాని షంట్లలో రక్తం తరచు గడ్డకట్టేది, చర్మం వద్ద చీము పట్టేది. 1961లో లండన్ నగరంలో స్టాన్లీ షాల్డన్ తొడ వద్ద నాళాలలో క్యాథెటర్లను ఉంచి డయాలసిస్ చేయవచ్చునని చూపాడు.

ఈ రంగంలో అతి ముఖ్యమైన మార్పు 1966లో వచ్చింది. న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ మాజీ సైనికుల ఆసుపత్రికి చెందిన మైఖేల్ బ్రెసియా, జేమ్స్ సిమినో, శస్త్రవైద్యుడు కెన్నెత్ అప్పెల్, హర్విచ్ కలిసి మణికట్టు వద్ద ధమనిని సిరతో కుట్టి కలిపే పద్ధతిని ప్రకటించారు. చర్మం వెలుపల గొట్టం అవసరం లేని ఈ పద్ధతిని బ్రెసియా-సిమినో ఫిస్టులా అంటారు. ఆరు దశాబ్దాలు గడచినా నేటికీ ఇదే ప్రధానమైన పద్ధతిగా కొనసాగుతున్నది. 1970లలో కృత్రిమ నాళాలు, 1980లలో చర్మం కింద సొరంగం ద్వారా అమర్చే క్యాథెటర్లు వాడుకలోకి వచ్చాయి.

## మార్గాలలో రకాలు

### ఫిస్టులా

రోగి చేతిలోని ధమనిని పక్కనే ఉన్న సిరతో కలిపితే ధమని రక్తం నేరుగా సిరలోకి పారుతుంది. మణికట్టు వద్ద ధమనిలో మామూలుగా నిమిషానికి 20 నుండి 30 మిల్లీలీటర్ల రక్తం ప్రవహిస్తుంది. కలిపిన వెంటనే ఇది 200 నుండి 300కు, సిర పక్వమైన తరువాత 600 నుండి 1200 మిల్లీలీటర్లకు పెరుగుతుంది. ఈ ప్రవాహానికి సిర వెడల్పై, దాని గోడ దళసరి అవుతుంది. దీనినే ఫిస్టులా పక్వం కావడం అంటారు. ఇందుకు సాధారణంగా ఆరు వారాలు లేదా అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. పక్వమైన ఫిస్టులా మిగతా రకాలకంటే ఎక్కువ కాలం పనిచేస్తుంది, దానికి సూక్ష్మజీవుల బెడద తక్కువ.

### గ్రాఫ్టు

సిరలు సన్నగా ఉన్నవారికి ధమనిని, సిరను కృత్రిమ గొట్టంతో కలుపుతారు. ఈ గొట్టాన్ని ఎక్కువగా పి.టి.ఎఫ్.ఇ. అనే టెఫ్లాన్ జాతి పదార్థంతో చేస్తారు. దీనిని రెండు మూడు వారాలలోనే వాడుకోవచ్చు, కొన్ని కొత్త రకాలను మరింత ముందుగానే వాడవచ్చు. అయితే గ్రాఫ్టులో రక్తం గడ్డకట్టడం, చీము పట్టడం ఫిస్టులాలోకంటే ఎక్కువ.

### క్యాథెటర్

మెడలోని పెద్ద సిర ద్వారా గుండె సమీపం వరకు వెళ్ళే రెండు దారుల గొట్టం ఇది. అమర్చిన వెంటనే డయాలసిస్ చేయవచ్చును. అత్యవసర పరిస్థితులలో దీనికి ప్రత్యామ్నాయం లేదు. కాని రక్తంలోకి సూక్ష్మజీవులు చేరడానికి ఇది తెరచిన వాకిలి వంటిది. తాత్కాలిక క్యాథెటరును కొద్ది రోజులకు మాత్రమే ఉంచాలి. ఎక్కువ కాలం అవసరమైతే చర్మం కింద సొరంగం ద్వారా పోయే క్యాథెటరును అమరుస్తారు.

## వైఫల్యం ఎలా కలుగుతుంది

ఫిస్టులా వైఫల్యం రెండు విధాలు. అసలు పక్వం కాకుండానే మూసుకుపోవడం, లేదా డయాలసిస్‌కు పనికివచ్చేంతగా పెరగకపోవడం ప్రాథమిక వైఫల్యం. కొంతకాలం పనిచేసి తరువాత చెడిపోవడం మలి వైఫల్యం. అనేక అధ్యయనాలను కలిపి చేసిన ఒక విశ్లేషణ 2014లో ప్రచురితమయింది. దాని ప్రకారం ఫిస్టులాలలో సుమారు 23 శాతం ప్రాథమికంగానే విఫలమవుతాయి. మధ్యలో ఏ మరమ్మతూ లేకుండా ఒక సంవత్సరంపాటు పనిచేసేవి 60 శాతం. మరమ్మతు చేసినవాటిని కూడా కలుపుకుంటే ఒక సంవత్సరం తరువాత 71 శాతం, రెండు సంవత్సరాల తరువాత 64 శాతం పనిచేస్తూ ఉంటాయి.

మార్గం మూసుకుపోవడానికి చివరి కారణం చాలావరకు రక్తం గడ్డకట్టడమే. కాని గడ్డ కట్టడానికి ముందే నాళం ఇరుకై ఉంటుంది. సిర గోడ తక్కువ పీడనానికి అలవాటుపడినది. దానిలోకి ధమని పీడనంతో రక్తం సుడులు తిరుగుతూ ప్రవేశించినపుడు లోపొర దెబ్బతింటుంది. గాయం మానడానికి శరీరం చేసే ప్రయత్నంలో గోడలోని కండర కణాలు లోపలి వైపుకు చేరి వృద్ధి చెందుతాయి. లోపొర మందమై నాళం సన్నబడుతుంది. ప్రవాహానికి అడ్డు నాళ వ్యాసార్ధం నాలుగవ ఘాతానికి విలోమంగా ఉంటుంది. అంటే వ్యాసార్ధం సగమైతే అడ్డు పదహారు రెట్లు పెరుగుతుంది. అందువలననే కొద్దిపాటి ఇరుకు కూడా ప్రవాహాన్ని బాగా తగ్గిస్తుంది. ప్రవాహం మందగించిన చోట రక్తం గడ్డకడుతుంది.

ఇరుకు ఏర్పడే చోట్లు దాదాపు తెలిసినవే. మణికట్టు ఫిస్టులాలో ధమనిని కలిపిన చోటుకు దగ్గరగా ఉన్న సిర భాగంలో, దండచేయి ఫిస్టులాలో భుజం వద్ద సిర వంపు తిరిగే చోట, గ్రాఫ్టులో గొట్టం సిరతో కలిసే చోట ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

## ముప్పు కారకాలు

### రోగికి సంబంధించినవి

* వయసు: వృద్ధులలో ధమనులు బిరుసెక్కి ఉంటాయి, వెడల్పు కాలేవు. కెనడాలో తయారై 2006లో ప్రచురితమైన ఒక అంచనా పద్ధతిలో 65 సంవత్సరాలు దాటిన వయసు, కాళ్ళ ధమనుల వ్యాధి, గుండె ధమనుల వ్యాధి ఫిస్టులా పక్వం కాకపోవడానికి సూచికలుగా లెక్కించబడ్డాయి.
* మధుమేహం: చక్కెర వ్యాధి చిన్న ధమనుల గోడలలో సున్నం పేరుకునేలా చేస్తుంది. మణికట్టు వద్ద ధమని గట్టిపడితే అక్కడ చేసిన ఫిస్టులా పక్వమయ్యే అవకాశం తగ్గుతుంది. ఇటువంటి వారిలో మోచేయి వద్ద చేసిన ఫిస్టులా మెరుగుగా పనిచేయవచ్చు.
* స్త్రీలు: స్త్రీలలో ఫిస్టులా విఫలమయ్యే అవకాశం ఎక్కువని పలు అధ్యయనాలు తెలిపాయి. నాళాలు సన్నగా ఉండడం ఇందుకు ఒక కారణం. కాని ఇది అన్ని అధ్యయనాలలోనూ తేలలేదు. స్త్రీ అన్న కారణంతో ఫిస్టులా ప్రయత్నం మానరాదు.
* స్థూలకాయం: సిర పక్వమైనా కొవ్వు కింద లోతుగా ఉండడం వలన సూదికి అందదు. అటువంటప్పుడు రెండవ శస్త్రచికిత్సతో సిరను పైకి తేవలసి వస్తుంది.
* పొగ త్రాగడం: ఇది నాళాల లోపొరను దెబ్బతీస్తుంది. మార్చుకోగల కారకాలలో ఇది ముఖ్యమైనది.
* తక్కువ రక్తపోటు: ప్రవాహాన్ని నడిపేది పీడనమే. ఎప్పుడూ తక్కువ రక్తపోటు ఉండేవారిలో, గుండె బలహీనంగా ఉన్నవారిలో మార్గం తొందరగా గడ్డకడుతుంది.
* పోషకాహార లోపం: రక్తంలో ఆల్బుమిన్ తగ్గడం, శరీరంలో దీర్ఘకాలిక వాపు ప్రక్రియ ఉండడం వైఫల్యంతో ముడిపడి ఉన్నాయి.
* రక్తం త్వరగా గడ్డకట్టే స్వభావం: ఏ కారణమూ కనబడకుండా మార్గం మాటిమాటికీ గడ్డకడుతుంటే దీనిని అనుమానించాలి.

### నాళాలకు సంబంధించినవి

శస్త్రచికిత్సకు ముందు అల్ట్రాసౌండ్ ద్వారా నాళాలను కొలుస్తారు. ధమని వ్యాసం 2 మిల్లీమీటర్లకంటే, సిర వ్యాసం 2 నుండి 2.5 మిల్లీమీటర్లకంటే తక్కువగా ఉంటే ఫిస్టులా విఫలమయ్యే అవకాశం ఎక్కువ. అయితే ఈ కొలతలే అంతిమ నిర్ణయం కాదు. సిర సాగే గుణం, ధమని గోడ మెత్తదనం కూడా చూడాలి.

సిరలు సహజంగా సన్నగా ఉండడం ఒకటి, చేజేతులా పాడు చేయబడడం మరొకటి. మూత్రపిండ వ్యాధి ఉన్న వ్యక్తి డయాలసిస్ దశకు రాకముందు ఎన్నోసార్లు ఆసుపత్రిలో చేరుతాడు. ప్రతిసారీ సెలైన్ ఎక్కించడానికి ముంజేతి సిరలో క్యాన్యులా పెడతారు, రక్తపరీక్షకు అదే సిరను పొడుస్తారు. సిర వాచి, తరువాత తాడువలె గట్టిపడుతుంది. రెండు రోజుల సెలైన్ కొరకు వాడిన ఆ సిర, పది సంవత్సరాలు ప్రాణం నిలపగల ఫిస్టులాకు ఆధారమై ఉండవచ్చును. దండచేతి సిర గుండా గుండె వరకు పోయే పొడవైన గొట్టాలు ఇంకా ఎక్కువ హాని చేస్తాయి. మూత్రపిండ వ్యాధి ఉన్నవారికి వీటిని సాధ్యమైనంతవరకు పెట్టరాదని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి.

### అంతకు ముందు పెట్టిన క్యాథెటర్లు

పెద్ద సిరలో ఉన్న క్యాథెటర్ సిర గోడకు రాసుకుంటూ ఉంటుంది. కొంతకాలానికి అక్కడ ఇరుకు ఏర్పడుతుంది. జత్రుక ఎముక కింది సిరలో పెట్టిన క్యాథెటర్లకు ఈ ముప్పు మరీ ఎక్కువ. ఆ సిర మూసుకుపోతే అదే వైపు చేతిలో చేసిన ఫిస్టులాకు రక్తం తిరిగిపోయే దారి ఉండదు. చేయి మొత్తం వాస్తుంది, ఫిస్టులాను కట్టివేయవలసి రావచ్చు. అందువలననే క్యాథెటరుకు కుడివైపు మెడ సిరను ఎన్నుకుంటారు. గుండెకు తిన్నగా పోయే దారి అదే.

డయాలసిస్‌ను క్యాథెటరుతో ప్రారంభించినవారికి తరువాత చేసిన ఫిస్టులా కూడా ఎక్కువగా విఫలమవుతుందని అధ్యయనాలు చూపాయి. మూత్రపిండ వైద్యుని వద్దకు ఆలస్యంగా రావడం ఈ పరిస్థితికి ప్రధాన కారణం. ఆలస్యంగా వచ్చిన రోగికి ఫిస్టులా పక్వమయ్యేంత వ్యవధి ఉండదు.

### శస్త్రచికిత్సకు సంబంధించినవి

మణికట్టు వద్ద చేసిన ఫిస్టులాకు ప్రాథమిక వైఫల్యం ఎక్కువే అయినా, అది విఫలమైతే పైన మోచేయి వద్ద మరొకటి చేసుకునే వీలుంటుంది. మోచేయి ఫిస్టులా త్వరగా పక్వమవుతుంది. కాని దానిలో ప్రవాహం ఎక్కువై, వేళ్ళకు అందవలసిన రక్తం ఫిస్టులాలోకి మళ్ళిపోయి చేయి చల్లబడే ప్రమాదం ఉంది. సాధారణంగా తక్కువ వాడకంలో ఉన్న చేతిని, అందులోనూ దిగువ భాగాన్ని ముందుగా ఎన్నుకుంటారు.

శస్త్రవైద్యుని అనుభవం కూడా ముప్పు కారకాలలో ఒకటి. పలు దేశాల డయాలసిస్ కేంద్రాలను పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, శిక్షణ కాలంలో కనీసం 25 ఫిస్టులాలు చేసినవారి చేతిలో ప్రాథమిక వైఫల్యం తక్కువగా కనిపించింది.

### డయాలసిస్ సమయంలో ఏర్పడేవి

* తొందరపడి సూది గుచ్చడం: శస్త్రచికిత్స జరిగిన 14 రోజులలోపే ఫిస్టులాను వాడినవారిలో అది చెడిపోయే ముప్పు రెండు రెట్లకు పైగా పెరిగినట్లు 2003లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపింది.
* సూది పక్కకు పోవడం: సిర గోడ చీలి రక్తం కండలోకి చేరితే కమిలి వాస్తుంది. ఆ వాపు ఒత్తిడికి సిర మూసుకుపోవచ్చు.
* ఒకే చోట పొడవడం: నొప్పి తక్కువని, సులువని ఒకే చోట పొడిస్తే అక్కడ గోడ పలచబడి బుడగలా ఉబ్బుతుంది, దాని పక్కన ఇరుకు ఏర్పడుతుంది. నిచ్చెన మెట్లవలె చోటు మార్చుతూ పోవడం మంచిది.
* రక్తపోటు పడిపోవడం: ఒకే విడతలో ఎక్కువ నీటిని తీసినపుడు రక్తపోటు పడిపోతుంది. ఇది తరచు జరిగే రోగులలో ఫిస్టులా గడ్డకట్టడం ఎక్కువ. రెండు డయాలసిస్‌ల మధ్య రోగి ఉప్పు, నీరు ఎక్కువగా తీసుకుంటే అంత ఎక్కువ నీటిని తీయవలసి వస్తుంది.
* నీరు కోల్పోవడం: వాంతులు, విరేచనాలు అయినపుడు, ఎండదెబ్బ తగిలినపుడు రక్తపోటు తగ్గి ఒక్కరోజులో ఫిస్టులా ఆగిపోవచ్చు.
* గట్టిగా నొక్కడం: సూది తీసిన తరువాత రక్తం ఆగడానికి అవసరానికి మించి అదిమిపెట్టడం, బిగుతుగా కట్టు కట్టడం వలన ప్రవాహం ఆగుతుంది.

### రక్తహీనత చికిత్స

మూత్రపిండ రోగులలో రక్తహీనతకు ఎరిత్రోపోయిటిన్ సూదిమందు ఇస్తారు. హిమోగ్లోబిన్‌ను ఆరోగ్యవంతుల స్థాయికి తెస్తే మేలేమోనని అమెరికాలో 1233 మంది గుండెజబ్బు గల డయాలసిస్ రోగులపై ఒక పరీక్ష జరిపారు. 1998లో దాని ఫలితాలు వెలువడ్డాయి. ఎక్కువ స్థాయికి చికిత్స పొందినవారిలో 39 శాతం మందికి, తక్కువ స్థాయి వారిలో 29 శాతం మందికి మార్గం గడ్డకట్టింది. అందువలన హిమోగ్లోబిన్‌ను మితమైన స్థాయిలోనే ఉంచుతారు.

## క్యాథెటర్ల వైఫల్యం

క్యాథెటర్ కొన వద్ద రక్తం గడ్డకట్టడం, గొట్టం చుట్టూ ఫైబ్రిన్ అనే పదార్థం ఒరవలె పేరుకోవడం, గొట్టం మడతపడడం లేదా జరగడం, సూక్ష్మజీవులు చేరడం ముఖ్య కారణాలు. డయాలసిస్ ముగియగానే గొట్టంలో హెపారిన్ లేదా సిట్రేట్ ద్రావణాన్ని నింపి ఉంచుతారు. వారానికి ఒకసారి హెపారిన్‌కు బదులు గడ్డను కరిగించే మందును నింపితే పనిచేయకపోవడం 34.8 శాతంనుండి 20 శాతానికి తగ్గినట్లు 2011లో కెనడా అధ్యయనం ఒకటి తెలిపింది. ఈ మందు ఖరీదైనది.

చలి, వణుకుతో జ్వరం వస్తే, ముఖ్యంగా డయాలసిస్ మొదలైన కొద్దిసేపటికి వస్తే, క్యాథెటర్ ద్వారా రక్తంలోకి సూక్ష్మజీవులు చేరాయని అనుమానించాలి. ఇది ప్రాణాంతకం కాగలదు.

## గుర్తించడం

పనిచేస్తున్న ఫిస్టులాపై చేయి ఉంచితే సన్నని ప్రకంపనం నిరంతరంగా తెలుస్తుంది. చెవి దగ్గర పెట్టుకుంటే హోరు వినిపిస్తుంది. రోగి తానే రోజుకు రెండు మూడుసార్లు దీనిని పరీక్షించుకోవచ్చు. ఇందుకు ఏ పరికరమూ అవసరం లేదు. క్రింది మార్పులు ప్రమాద సూచికలు.

* ప్రకంపనం తగ్గడం లేదా పూర్తిగా ఆగిపోవడం
* ప్రకంపనానికి బదులు నాడివలె కొట్టుకోవడం
* చేయి పైకెత్తినపుడు ఉబ్బిన సిర అణగకుండా అలాగే ఉండడం
* సూది తీసిన తరువాత రక్తం చాలాసేపు ఆగకపోవడం
* చేయి, భుజం, ముఖం వాయడం
* యంత్రంపై సిర పీడనం విడత విడతకూ పెరుగుతూ పోవడం
* ఎరుపు, నొప్పి, చీము
* చేతివేళ్ళు చల్లబడడం, తిమ్మిరి, పుండు పడడం

ప్రకంపనం ఆగిపోతే తరువాతి డయాలసిస్ రోజు వరకు ఎదురుచూడక వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. కొత్త గడ్డను తొలగించే అవకాశం మొదటి ఒకటి రెండు రోజులలోనే ఎక్కువ. ఫిస్టులాపై చర్మం పలచబడి నిగనిగలాడినా, పుండు లేదా చెక్కు కనిపించినా అది కూడా అత్యవసరమే. అది పగిలితే రక్తస్రావం ప్రాణాలు తీయవచ్చు. అటువంటప్పుడు రక్తం వచ్చే చోట వేలితో గట్టిగా అదిమిపట్టి సహాయం కోరాలి.

## చికిత్స

ఇరుకైన నాళాన్ని బెలూన్‌తో వెడల్పు చేయడాన్ని ఆంజియోప్లాస్టీ అంటారు. దీని ఫలితం చాలామందిలో శాశ్వతం కాదు, కొన్ని నెలలలో తిరిగి ఇరుకు ఏర్పడవచ్చు. మందుపూత గల బెలూన్లను 330 మందిపై పరీక్షించిన ఒక అధ్యయనం 2020లో ప్రచురితమయింది. ఆరు నెలల తరువాత మందుపూత బెలూన్ వాడినవారిలో 82.2 శాతం మందికి, మామూలు బెలూన్ వాడినవారిలో 59.5 శాతం మందికి చికిత్స చేసిన చోటు తెరచి ఉంది. గడ్డకట్టిన మార్గాన్ని శస్త్రచికిత్సతో గాని, మందులు, పరికరాలతో గాని తెరవవచ్చు. అయితే కారణమైన ఇరుకును సరిచేయకపోతే అది మళ్ళీ మూసుకుపోతుంది.

మందులతో వైఫల్యాన్ని నివారించే ప్రయత్నాలు ఆశించినంతగా ఫలించలేదు. 2008లో అమెరికాలో 877 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. దానిలో క్లోపిడోగ్రెల్ మాత్ర వలన కొత్త ఫిస్టులా గడ్డకట్టడం 19.5 శాతంనుండి 12.2 శాతానికి తగ్గింది. కాని డయాలసిస్‌కు పనికిరాకుండా పోయిన ఫిస్టులాలు రెండు వర్గాలలోనూ 60 శాతం దరిదాపులలోనే ఉన్నాయి. గడ్డ కట్టకుండా ఉండడం, పక్వం కావడం రెండూ ఒకటి కావని దీనివలన తెలిసింది. చేపనూనె వలన ఫిస్టులా వైఫల్యం తగ్గలేదని 2017లో వెలువడిన అధ్యయనం తెలిపింది.

## నివారణ

మూత్రపిండ వ్యాధి ముదురుతున్నదని తెలిసిన నాటినుండే జాగ్రత్తలు మొదలుపెట్టాలి.

* ఫిస్టులాకు ఉద్దేశించిన చేతిలో సెలైన్, ఇంజెక్షన్లు, రక్తపరీక్షలు చేయించుకోరాదు. తప్పనిసరి అయితే ముంజేతి సిరను వదలి అరచేతి వెనుక భాగంలోని సిరను వాడమని కోరాలి. ఈ విషయాన్ని ప్రతి ఆసుపత్రిలోనూ నర్సుకు ముందుగా చెప్పాలి.
* డయాలసిస్ అవసరం కొద్ది నెలలలో రానున్నదని వైద్యుడు చెప్పినపుడు ఫిస్టులా శస్త్రచికిత్సను వాయిదా వేయరాదు. చేతికి ఆపరేషన్ అయితే డయాలసిస్ తొందరగా వస్తుందన్నది అపోహ మాత్రమే.
* ఫిస్టులా ఉన్న చేతికి రక్తపోటు పట్టీ కట్టనీయరాదు. బిగుతైన గాజులు, గడియారం, చొక్కా చేతులు ఉండరాదు. ఆ చేయి మీద పడుకోరాదు, బరువులు వేలాడదీయరాదు.
* శస్త్రచికిత్స గాయం మానిన తరువాత వైద్యుని సలహాపై మెత్తని బంతిని నొక్కే వ్యాయామం చేయవచ్చు.
* నాలుగు నుండి ఆరు వారాలలో ఫిస్టులాను వైద్యుడు తప్పక పరీక్షించాలి. పక్వం కాకపోతే కారణాన్ని అప్పుడే వెదకి సరిచేయవచ్చు.
* ప్రతి డయాలసిస్‌కు ముందు చేతిని సబ్బుతో కడుక్కోవాలి.

పక్వమైన ఫిస్టులాను గుర్తించడానికి 2006 నాటి అమెరికా మార్గదర్శకాలలో ఆరుల సూత్రం ఒకటి ఉండేది. దాని ప్రకారం ఆరు వారాలకు నిమిషానికి 600 మిల్లీలీటర్ల ప్రవాహం, 6 మిల్లీమీటర్ల వ్యాసం, చర్మానికి 6 మిల్లీమీటర్లకు మించని లోతు ఉండాలి.

అమెరికాలో 2003లో ఆరంభమైన ఉద్యమం వీలైనంత ఎక్కువమందికి ముందుగా ఫిస్టులా చేయాలని ప్రోత్సహించింది. దానివలన ఫిస్టులాలు పెరిగాయి. కాని పక్వం కాని ఫిస్టులా కొరకు ఎదురుచూస్తూ కొందరు క్యాథెటర్లపై ఎక్కువ కాలం గడపవలసి వచ్చింది. అందువలన 2019లో సవరించిన మార్గదర్శకాలు ప్రతి రోగికీ వయసు, ఆయుర్దాయం, మిగిలిన నాళాలు, మూత్రపిండ మార్పిడి అవకాశం చూసి ప్రత్యేక ప్రణాళిక ఉండాలని చెప్పాయి. ఒక మార్గం విఫలమైతే తరువాతిది ఎక్కడ అన్నది ముందే ఆలోచించడం ఈ ప్రణాళికలో భాగం. రక్తనాళ మార్గం అక్కరలేని ఉదర డయాలసిస్ కూడా కొందరికి తగిన ప్రత్యామ్నాయం.

## ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ పథకం ప్రారంభమయింది. దీనివలన, 2016లో కేంద్రం ప్రకటించిన జాతీయ డయాలసిస్ కార్యక్రమం వలన పేద రోగులకు కూడా డయాలసిస్ అందుబాటులోకి వచ్చింది. చికిత్స అందుబాటులోకి వచ్చి రోగులు ఎక్కువకాలం జీవించే కొద్దీ మార్గాన్ని కాపాడుకోవలసిన అవసరం పెరుగుతుంది.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో కారణం స్పష్టంగా తెలియని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి విస్తరించి ఉంది. కొబ్బరి, జీడిమామిడి తోటలు గల ఈ ప్రాంతంలో వ్యవసాయ కూలీలు, రైతులు దీని బారిన పడ్డారు. పలాసలో 200 పడకల మూత్రపిండ వ్యాధుల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఈ వ్యాధి తొలి దశలలో లక్షణాలు దాదాపు ఉండవు. రక్తంలో క్రియాటినిన్ పరీక్ష ద్వారా ముందుగా గుర్తించినవారికి ముంజేతి సిరలను కాపాడుకునే వ్యవధి దొరుకుతుంది. నీరసానికి సెలైన్ పెట్టించుకోవడం పల్లెలలో మామూలు అలవాటు. మూత్రపిండ వ్యాధిగ్రస్తులలో ఇది శరీరంలో నీటిని పెంచడమే కాక, రేపటి ఫిస్టులాకు కావలసిన సిరను కూడా పాడుచేస్తుంది.

## ఇవి కూడా చూడండి

* మూత్రపిండాలు
* దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి
* ఉదర డయాలసిస్
* మూత్రపిండ మార్పిడి
* మధుమేహం
* ఉద్దానం